ఒక చెట్టుకు ఒకే వైరస్

ఏ జీవికైనా గుర్తింపు ఒక్కటే ఉండాలన్నది మొక్కల ఆరోగ్య శాఖ సిద్ధాంతం. (వైరస్ జీవి అవునో కాదో ఇంకా తేలలేదు. తేలేదాకా జీవిగానే పరిగణించాలని సర్క్యులర్ ఉంది.)

బత్తాయి తోటల్ని ఎండబెట్టే వైరస్ ఒకటుంది. దానిలో రకాలు చాలా. ఒకే చెట్టులో రెండు మూడు రకాలు కాపురం ఉంటాయి. శాఖ వారి ఏడో నంబరు ఫారంలో మాత్రం ‘వైరస్ రకం’ అన్నచోట గడి ఒక్కటే.

మూడు వందల చెట్లున్న ఒక మహిళా రైతు, గట్టు పక్క చెట్టుకు జబ్బు సోకిందని ఆ ఫారం నింపింది. పది రోజుల్లో కొత్త చిగురు వస్తుంది. చిగురు మీదికి పేనుబంక వస్తుంది. ఈ చెట్టు రసం పీల్చిన పురుగు పక్క చెట్టు మీద వాలితే తోట మొత్తం పోతుంది. ఈలోపే చెట్టు నరకాలి. అనుమతి లేకుండా నరికితే సాక్ష్యం మాయం చేసినట్టు లెక్క. ఐదేళ్లు ఏ నర్సరీ మొక్కలివ్వదు.

ల్యాబు తూర్పు కొమ్మలో ఒక రకాన్ని, పడమటి కొమ్మలో ఇంకో రకాన్ని కనిపెట్టింది. ఫైలు రకాల నిర్ధారణ అధికారి బల్ల మీద ఆగింది.

"ఏదో ఒకటి చెప్పమ్మా. తూర్పుదా, పడమటిదా?"

"రెండూ ఉన్నాయని మీ ల్యాబు వాళ్ళే రాశారుగా సార్!"

"వాళ్ళకేం, కనబడిందల్లా రాస్తారు. గడిలో పట్టొద్దూ?"

"చెట్టు ఒకటే కదండీ. గొడ్డలీ ఒకటే."

"గొడ్డలికి ఫారం లేదమ్మా."

పక్క బల్ల గుమాస్తా కల్పించుకుంది. "గడి కొట్టేసి పైన రెండూ రాసేద్దాం సార్."

"పాతికేళ్ల సర్వీసులో నా ఫైల్లో ఒక్క కొట్టివేత చూపించు, ఇప్పుడే రాజీనామా చేస్తా!"

శాఖకు దయ లేదనడం అన్యాయం. ఐదో రోజున చెట్టు తూర్పు సగం నరకడానికి అనుమతి వచ్చింది. పడమటి సగానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. చెట్టు మొదలు రెండు సగాలకూ ఉమ్మడి కాబట్టి ముట్టుకోరాదు. (హద్దు గీయడానికి తాడూ సున్నమూ రైతే తెచ్చుకోవాలి.)

కొమ్మలు కొట్టిన చెట్టు త్వరగా చిగురిస్తుందని రైతు మొత్తుకుంది.

"తొందరపడితే ఎలాగమ్మా?"

"తొందర నాది కాదు సార్, పేనుబంకది."

"అది మా దగ్గర దరఖాస్తేమీ పెట్టలేదే!"

పేనుబంక తొమ్మిదో రోజున వచ్చింది. పడమటి సగానికి అనుమతి తొమ్మిదో నెలలో వచ్చింది. అప్పటికి తోటలో వరసకు వరస పసుపుబారి, ఆకు రాలుస్తోంది. రైతు కొత్త ఫారం తీసుకుని, చెట్ల సంఖ్య దగ్గర రెండు వందల తొంభై తొమ్మిది అని రాసింది.

ల్యాబు అన్ని చెట్లనూ పరీక్షించింది. పేనుబంక మోసుకెళ్ళింది ఒక్క రకాన్నే.

"చూశావా అమ్మా," అన్నాడు అధికారి, గడి నింపుతూ. "ఫారం ఇంత శుభ్రంగా ఉంటే మేమెందుకు ఆపుతాం?"

తోట మొత్తం నరకడానికి అనుమతి ఆ పూటే మంజూరైంది.