తెల్లటి ఇసుక, రెండు గీతల సిగ్నల్

సముద్రం నడుమ ఆవగింజంత దీవిలో కూడా ఫోన్ సిగ్నల్ రావడం మానవజాతికి దక్కిన మహాభాగ్యం అని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్ళు వాదనకి రావచ్చు. ముందు ఫోన్ చేసి రండి, నేను బిజీ మనిషిని!

నీళ్ళ మీటర్ల ఆఫీసులో సూపరింటెండెంటుని. నేను "ఓకే" అనందే అక్కడ చీమైనా కదలదు. ఇరవై రెండేళ్ళుగా ఆ చీమల్ని కదిలిస్తూనే ఉన్నాను. అలాంటివాణ్ణి మా ఆవిడ మూడు రోజుల పాటు దీవికి లాక్కుపోయింది. ఆవిడకి నీళ్ళంటే చచ్చేంత భయం. అయినా పెళ్ళైన కొత్తలో, సముద్రంలో నడిపిస్తానని నోరుజారి నేనిచ్చిన మాటని మాత్రం భద్రంగా దాచుకుంది.

"మోకాళ్ళ దాకా చాలండీ. మీరు చెయ్యి పట్టుకుంటే దిగుతాను" అంది పడవ దిగగానే.

"అదెంత పని! రెండు నిమిషాలాగు" అన్నాను. ఎందుకంటే అప్పటికే జేబులో ఫోన్ వణకడం మానేసింది. నా గుండె వణకడం మొదలుపెట్టింది.

దీవి మొత్తానికి సిగ్నల్ తగిలే చోటు ఒక్కటే ఉందట. గెస్ట్‌హౌస్ వంటింటి వెనక, చెత్త డ్రమ్ముల పక్కనున్న సిమెంటు గట్టు. గోడవైపు తిరిగి, మెడ కాస్త ఎడమకి వంచితే రెండు గీతలు వస్తాయి. సముద్రం వైపు తిరిగితే ఒక్కటీ ఉండదు. మనిషి ఎటు చూడాలో ప్రకృతి ఎంత చక్కగా తేల్చి చెప్పిందో గమనించారా?

ఆ గట్టు మీద ఎంతటి పెద్దమనుషులు! నా పక్కన ఒక పళ్ళ డాక్టరు నిలబడి, "ఇంకాస్త నోరు తెరవమ్మా, ఫోన్‌కి దగ్గరగా" అంటూ ఊళ్ళో ఉన్న పేషెంటుకి వైద్యం చేస్తున్నాడు. ఆయన పక్కన ఒక కాంట్రాక్టరు. తాను కట్టిస్తున్న గోడ ఒరిగిందో లేదో వీడియోలో చూస్తూ చూస్తూ తానే ఒరిగి చెత్త డ్రమ్ములో పడ్డాడు. మేమంతా పరుగున వెళ్ళి, "సిగ్నల్ గానీ పోయిందా?" అని ఆత్రంగా అడిగాం. ఇంత ఆత్మీయత ఇసుకలో దొరుకుతుందా?

ఇక మా ఆఫీసు సంగతి. నేను లేక అల్లాడిపోతున్నారు పాపం! గంటకో ప్రశ్న. "సార్, కర్టెన్లు నీలం రంగా, ఆకుపచ్చా?" ఓకే అన్నాను. "సార్, మీ గదిలో ఫ్యాన్ ఆపేశాం, పర్వాలేదా?" ఓకే. "సార్, ఇక్కడ వాన పడుతోంది." దానికి కూడా ఓకే అన్నాను. నేను సరేనన్నాకే అక్కడ వాన నిశ్చింతగా కురిసి ఉంటుంది.

మొదటి రోజు మా ఆవిడ ఒడ్డున చెప్పులు విప్పి నిలబడింది. రెండో రోజు చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంది. వంటావిడ ఎంగిలి కంచాలు తెస్తూ, "అయ్యగారూ, అమ్మగారు మీకోసం చూస్తున్నారండీ" అని నాకు రెండుసార్లు గుర్తుచేసింది. రెండుసార్లూ వేలు పైకెత్తి చూపించాను, ఒక్క నిమిషం అని.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. నడుం లోతు నీళ్ళలో ఒకావిడ, వంటావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరారా నవ్వుతోంది. ఎవరు పంపారో కూడా చూడకుండా "ఓకే" అని కొట్టి పంపాను. పంపాక చూద్దును కదా, ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే! వెనక్కి తిరిగాను. మా ఆవిడ తడి బట్టలతో నా వెనకే నిలబడి ఉంది. ఫొటో నాకు చేరాలంటే ఆవిడ కూడా ఆ గట్టెక్కాల్సిందే కదా! నా జవాబు చదువుకుని, ఫోన్ తుడుచుకుని గదికి వెళ్ళిపోయింది. సాయంత్రం పడవకి వచ్చేశాం.

మర్నాడు ఆఫీసుకి విజయగర్వంతో వెళ్ళాను. ముందే ఉన్న పాత కర్టెన్లే వేలాడుతున్నాయి. నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. సోమవారం ఉదయం టైపిస్టు, మధ్యాహ్నం క్లర్కు, మంగళవారం ప్యూను అని వరసగా రాసి ఉంది. ఇదేమిటయ్యా అని క్లర్కుని నిలదీశాను.

"తియ్యడం మర్చిపోయాం సార్! పోయినసారి మీరు సెలవులో ఉంటే ఎవరమూ ఏమీ అడగలేదని వారం రోజులు ముభావంగా ఉన్నారు కదా. అందుకని ఈసారి వంతులు వేసుకుని అడిగాం" అన్నాడు తల గోక్కుంటూ.

"మరి పనులో?"

"అవి ఎప్పుడూ అయిపోతూనే ఉంటాయి సార్."

పాఠకులారా, సిగ్నల్ మహాభాగ్యమే, నా మాట మీదే ఉన్నాను. అది లేకపోతే నా ఘనత నాకింత వివరంగా తెలిసేదా?

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు దులుపుతోంది. తెల్లటి ఇసుక గుప్పెడు రాలింది. నేనూ నా బూట్లు తిరగేసి కొట్టాను. ఒక్క రేణువు రాలలేదు. సిగ్గు విడిచి పక్కన కూర్చున్నాను.

"ఇంతకీ సముద్రం ఎలా ఉందోయ్?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. రెండో చెప్పు కూడా దులిపి, పక్కన పెట్టి, "ఓకే" అంది.