ఆశ వ్యక్తమైంది

మానవజాతి కనిపెట్టినవాటిలో నిప్పు, చక్రం తరువాతి స్థానం ఇంగ్లీషు కొటేషన్ మార్కులదే. నిప్పు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, చక్రం కింద పడితే కాలు నలుగుతుంది. కొటేషన్లలో ఇరుక్కుంటే ఉద్యోగం పోతుంది. అందుకే పెద్ద ఆఫీసుల్లో వాటిని పిల్లలకు అందనంత ఎత్తులో పెడతారు.

మా అక్క అలాంటి ఆఫీసులోనే టైపిస్టు. చాలా ఏళ్లుగా టెంపరరీ. ఎడతెగకుండా పనిచేస్తే పర్మనెంట్ చెయ్యాల్సి వస్తుందని, ఆరు నెలలకోసారి ఆమెను ఒక్క రోజు ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు మళ్లీ చేర్చుకుంటారు. (ఆ ఒక్క రోజూ ఆఫీసుకు వెళ్లి పాతపని పూర్తి చేసి రావడం ఆనవాయితీ. జీతం మాత్రం అడగకూడదు, ఎందుకంటే ఆమె ఆ రోజు ఉద్యోగి కాదు.)

మీటింగుల్లో అందరూ మామూలు మనుషుల్లాగే మాట్లాడుకుంటారు. ఎవరేమన్నారో రాసిపెట్టే మినిట్సు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. ఆ పని అక్కది. అన్నవాడి పేరు, కామా, కొటేషన్, పెద్ద అక్షరం, మాట, ఫుల్‌స్టాప్, మళ్లీ కొటేషన్. బళ్లో టీచరు స్కేలుతో నేర్పిన ఈ వరుసను అక్క ఇప్పటికీ తప్పదు. ఆ ఒక్క విద్యే తనను ఎప్పటికైనా పర్మనెంట్ చేస్తుందని ఆమె నమ్మకం.

మొన్నటి మీటింగులో డైరెక్టరు గారు టీ తాగి, మనసు తేలికపడి ఇలా అన్నారు: "వచ్చే మార్చికల్లా టెంపరరీ వాళ్లందర్నీ పర్మనెంట్ చేసేస్తాను. నా మాట నమ్మండి."

అక్క నమ్మింది. అంతటితో ఊరుకోక టైపు చేసింది. కామా దగ్గర కామా, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "ఇక ఆ ఒక్కరోజు తీసెయ్యడం ఉండదురా" అని చెప్పి కళ్లు తుడుచుకుంది. బావ వెనకే నిలబడి నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం చాలా అరుదు.

మర్నాడు ఉక్తి సంస్కరణ విభాగం నుంచి పిలుపు వచ్చింది. ఎవరు ఏమన్నారో నిర్ణయించే విభాగం అది. (ఎవరేమన్నారో అన్నవాళ్లకే తెలియదన్నది ఆ విభాగం మూలసూత్రం.) దాని అధికారిని అందరూ కామా గారంటారు, ఏ పనినీ ఆయన ముగించగా చూసినవాళ్లు లేరు కనుక.

"ఏంటమ్మా ఇది, డైరెక్టరు గారికి కొటేషన్లు తగిలించావు?"

"ఆయన అన్న మాటే కదండీ."

"అన్నారమ్మా. కాదని ఎవరన్నారు? కానీ అవి సంకెళ్లు. వేస్తే ఆ మాట పట్టుకుని రేపు ఎవరైనా అడుగుతారు. పెద్దాయనకు సంకెళ్లేస్తామా?"

"మరెలా రాయమంటారు?"

"పరోక్షంలో రాయి. మర్యాదగా ఉంటుంది."

పరోక్షం మహిమ తెలియనివారికి ఒక మాట. ఒకరి మాటను ఇంగ్లీషులో మనం తిరిగి చెప్పేటప్పుడు 'ఇవాళ' కాస్తా 'ఆ రోజు' అవుతుంది, 'ఇక్కడ' లేచి 'అక్కడ'కు పోతుంది, 'నేను' మెల్లగా తప్పుకుని 'ఆయన' అవుతాడు. బళ్లో దీన్ని వ్యాకరణం అంటారు. ఆఫీసులో పరిపాలన అంటారు.

మొదటి సవరణలో, టెంపరరీ వారిని పర్మనెంట్ చేస్తానని డైరెక్టరు గారు అన్నారు. రెండోదానిలో, చేసే విషయం ఆలోచించవచ్చునని వారు అభిప్రాయపడ్డారు. మూడోదానిలో డైరెక్టరు గారు గదిలోంచే వెళ్లిపోయారు, విషయం ప్రస్తావనకు వచ్చింది. నాలుగోది ఆమోదం పొందింది. అందులో ఒకే వాక్యం ఉంది: "సిబ్బందిలో ఆశ వ్యక్తమైంది."

నాలుగుసార్లూ టైపు చేసింది అక్కే.

మర్నాడు ఆమె ఉండబట్టలేక డైరెక్టరు గారి గదికి వెళ్లింది. పక్కనే కామా గారు కలంతో నిలబడి ఉన్నారు. డైరెక్టరు గారు ఎంతో ఆప్యాయంగా, "నేనెప్పుడన్నానమ్మా?" అని అడిగారు. నరంలేని నాలుక అని మనవాళ్లు ఊరికే అనలేదు.

"మీరన్నారు సార్. నేను విన్నాను" అంది అక్క.

కామా గారి కలం కదిలింది. అక్క తొంగిచూసింది.

"అదేంటండీ, నా మాటకు కొటేషన్లు పెట్టారు?"

"నీ మాట నీదేనమ్మా. ఒకళ్ల కష్టార్జితం మేం ముట్టుకోం."

అప్పటికి గాని ఆ ఆఫీసు ధర్మం మాకు బోధపడలేదు. పైవాళ్ల మాట పరోక్షం, కిందివాళ్ల మాట ప్రత్యక్షం. పైనుంచి తిట్టు వస్తే 'సూచించడమైనది', కిందినుంచి నిట్టూర్పు వచ్చినా కొటేషన్లు, చివర ఆశ్చర్యార్థకం. నాకు ఒళ్లు మండింది గాని, మండినట్టు ఎవరూ మినిట్సులో రాయలేదు.

మార్చి వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఆర్డరూ వచ్చింది. ఈసారి ఒక్క రోజుకు కాదు. కాగితం నిండా ఎవరూ ఏమీ చేయలేదు, అన్నీ చేయబడ్డాయి. పరిశీలించబడింది, విచారించబడింది, తొలగించబడింది. మొత్తం మీద నోరున్న మనిషి ఒక్కరే కనిపించారు, కొటేషన్ల మధ్య: "మీరన్నారు సార్. నేను విన్నాను."

బావ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచాడు. "ఇందులో ఎక్కడైనా తప్పుందేమో చూడు, కోర్టుకు వెళ్దాం" అన్నాడు.

"ఉండదండీ" అంది అక్క.

"ఎలా చెప్తున్నావు?"

"నాచేతే టైపు చేయించారు."

ఆ వారమే ఆఫీసు గుమ్మం దగ్గర ప్రకటన అంటించారు. టెంపరరీ టైపిస్టు కావలెను. ఇంగ్లీషు విరామచిహ్నాలు క్షుణ్ణంగా వచ్చి ఉండాలి. వినికిడి తప్పనిసరి కాదు.