చప్పుడు మానిన గానుగ

అనంతపురం వీధుల్లో వంక నీళ్లు పారిన ఏడాది పోయి, ఆ మరుసటి ఏడు మళ్లీ ఎండ కాసింది. ఆ భాద్రపదంలో ఒక ఉదయం, కళ్యాణదుర్గం పక్క పల్లెలో పాపన్న తన మోటారు గానుగకు కొత్త నూనె పోయాలనుకున్నాడు. పోసి, స్విచ్చి వేసి, కరెంటు వచ్చేదాకా కునుకు తీయాలి. అంతకుమించి పని పెట్టుకోలేదు.

ఆ నూనె కాలేజీ మేడం కృపాకుమారి తయారుచేసింది. కానుగ నూనెను మందులతో ఉడికించి ఎస్టరు అనే సరుకుగా మార్చిందట. గానుగ పళ్లచక్రాల నల్ల గ్రీజు బొట్లుబొట్లుగా తినే నూనెలో పడడం చూసి, డబ్బా తెచ్చి ఇచ్చింది. కింద పడినా మట్టిలో కలిసిపోతుందని, మూడు నెలలు వాడి చూడమని చెప్పింది. పాపన్న తలూపాడు.

పదకొండుకు కరెంటు వచ్చింది. గానుగ పిల్లిలా తిరిగింది. పాపన్నకు మెలకువే రాలేదు.

ఆ పల్లెలో పొలాల కరెంటు ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు. గానుగకూ అదే లైను కాబట్టి, అది కీచుమంటే వచ్చినట్టు. ఇరవై ఏళ్లుగా ఆ కీచు విని అందరూ బోర్ల దగ్గరికి పరుగెత్తుతున్నారు. ఈ సంగతి పాపన్నకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

రైతు ఈరప్ప ఊరి రచ్చకట్ట మీద కూర్చుని చెవి గానుగ వైపే పెట్టాడు. రెండెకరాల వేరుశనగ ఊడలు దిగే సమయం. నేల తడవకపోతే ఊడ దిగదు, కాయ పట్టదు. ఒంటిగంట అయింది. రెండయింది. లైన్‌మన్ సైఫుల్లా ఫోను ఎత్తలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని ఎవరో అన్నారు. కొత్తది కావాలని మరో రైతు పుల్లన్న అర్జీ రాయించి, పదిమందితో వేలిముద్రలు వేయించాడు. తరువాత, ఎందుకైనా మంచిదని ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి కిందికి లాగాడు. అప్పుడు నిజంగానే కరెంటు పోయింది.

గానుగ ఆగేసరికి పాపన్న లేచాడు. బయటికి వచ్చి చూస్తే ఊరంతా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది. సైఫుల్లా కూడా వచ్చి, కిందికున్న స్విచ్చిని చూస్తూ నిలబడ్డాడు.

"పదకొండు నుంచి కరెంటుండాది కదప్పా," అన్నాడు.

"ఉంటే గానుగ యాల అరవలేదు?" అన్నాడు ఈరప్ప.

అందరూ పాపన్న వైపు తిరిగారు.

"కొత్త నూనె పోసినా," అన్నాడు పాపన్న.

స్విచ్చి పైకెత్తారు. ఆ రోజు కరెంటుకు మిగిలిన గంటలో ఈరప్పకు ఒక ఎకరా తడిసింది.

కరెంటు పోకముందే కృపాకుమారి వచ్చి, తిరుగుతున్న గానుగకు చెవి ఆనించి చూసింది. చప్పుడు లేదని చాలా సంతోషించింది.

"మేడమ్, అరిచే నూనె ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు ఈరప్ప.

అరుపంటే చక్రాలు అరుగుతున్నట్టని ఆమె ఓపికగా చెప్పింది. పాపన్న పాత గ్రీజు డబ్బా కోసం చేయి చాపాడు. ఆయన భార్య తిప్పమ్మ దాన్ని పక్కకు జరిపింది. ఆ నల్లది మళ్లీ నూనెలో పడితే తాను వండేది లేదంది.

ఈరప్ప మిద్దె వైపు చేయి చూపించాడు. "నాకింకా ఎకరా ఉండాది పాపన్నా. గానుగ అరవకపోతే నువ్వే అరవాల."

మరుసటి ఉదయం తొమ్మిదిన్నరకు గానుగ తిరిగింది. పాపన్న మిద్దె ఎక్కి, కరెంటు వచ్చిందని మూడుసార్లు అరిచాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో తన మొగుడు వరసగా మూడు మాటలు మాట్లాడింది ఇదే మొదలని తిప్పమ్మ పక్కింటికి వెళ్లి చెప్పింది.