రెండడుగుల మహాసంగ్రామము

ఆరిన గొడుగన్నది కానరాని హాలిఫాక్స్ మహాపట్టణమున, అఖండజలధరమండలము ఇంటికప్పులమీదికి వాలియున్న నవంబరు మాసపు ఆదివారమున, మధ్యాహ్నము మూడు గంటల శుభవేళ, నలుబదేండ్లు బస్సుల కాలపట్టికలు రచించి విశ్రమించిన ధీరుడు, పదునాలుగు వందల సినిమా డిస్కులకు ఏకచ్ఛత్రాధిపతి, శబ్దదోషాన్వేషణధురంధరుడు విల్ఫ్రెడ్ ఆక్రాయిడ్ ముందుగది తెరలన్నియు మూసి యుద్ధసన్నద్ధుడయ్యెను.

వైరి వచ్చెను. వాడు బార్నబీ సగ్డెన్. ముప్పదేండ్ల మిత్రుడు, అందుచేతనే మహాశత్రువు. వాని తడికోటులో పసిబిడ్డవలె ఒక పాత గూఢచారి చిత్రపు సరికొత్త బ్లూరే యుండెను: రంగులు కడిగి, ఆరు స్పీకర్లకై శబ్దమును మరల కూర్చినది. ఆక్రాయిడుని హస్తముననో, అదే చిత్రపు లేజర్ డిస్కు. భోజనపళ్లెమంత వెడల్పు, ఒక్క స్పీకరుకు చాలు మోనో శబ్దము.

"ఇంకా ఆ పళ్లెం పట్టుకునే వేలాడుతున్నావా? అందులో హీరో మొహం టొమాటో సూపులా ఉంటుంది కదరా!"

"నీ దాంట్లో కామెర్లొచ్చినట్టున్నాడు. మొహాల సంగతి వదిలెయ్. సొరంగం సీను పెట్టు."

సొరంగమున గూఢచారి ఒంటరిగా నిలిచియుండును. వెనుక చీకటిలో ద్రోహి అడుగులు రెండు, పిమ్మట తుపాకి. లేజర్ డిస్కు పలికెను: టక్, టక్, ఠప్. బ్లూరే గర్జించెను: కప్పులు కంపించెను, పొరుగింటి కుక్క ఘోషించెను, అడుగులు మాత్రము లేవు!

ఆక్రాయిడ్ పాదపీఠముపై నిలిచి సింహనాదము చేసెను: "ఓరి సగ్డెనాధమా! అడుగుల చప్పుడు మింగిన ఆ రాక్షసశబ్దమునా నీవు సంగీతమందువు? ద్రోహి గాలిలో తేలి వచ్చెనా?"

"దిగు, ముక్కాలిపీట విరుగుతుంది. అవి అడుగులు కావురా. నీ డిస్కు మీద గీతలు."

ఆ వాక్యము బాణమై గుచ్చుకొనెను. ఆ రెండడుగులపై ఆక్రాయిడ్ డిస్కుల సేకరణకర్తల పత్రికకు తొమ్మిది పుటల లేఖ వ్రాసియుండెను. అవి గీతలేనా? డెబ్బది రెండేండ్ల చెవులు తన్ను మోసగించినవా? వీరుడు మెల్లగా పీట దిగి కూర్చుండెను.

అంతట అతని యర్ధాంగి ముర్యెల్ టీయును, అల్లం బిస్కెట్లను గొని ప్రవేశించెను.

"గీతలేంటి? అడుగులే. రెండు."

"నీకెలా తెలుసు?"

"ఈ బొమ్మ ఆడినప్పుడు మన ఊరి హాల్లో టార్చి పట్టుకుని సీట్లు చూపించేదాన్ని కదా. ఆరు వారాలు, రోజుకి మూడాటలు. మొదటి అడుక్కి ఐస్‌క్రీమ్ ట్రే ఎత్తేదాన్ని, రెండో అడుక్కి తలుపు తీసేదాన్ని. తుపాకీ పేలగానే ఇంటర్వెల్."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

ఆ మాటకు ఆరు స్పీకర్లును తలవంచుకొన్నట్లుండెను. ముర్యెల్ రిమోటు నందుకొని, బ్లూరే శబ్దపట్టికను తెరపైకి తెచ్చి, కళ్లద్దాలు సవరించుకొనెను.

"ఇక్కడేదో 'అసలు మోనో' అని ఉందే. నొక్కనా?"

ఇద్దరును కలిపి అరువదేండ్ల శబ్దతపస్సు చేసిన మహామునులు! ఒక్కరును ఆ పట్టిక తెరచి చూచినవారు కారు.

టక్. ముర్యెల్ చేతులు వాటంతటవే బిస్కెట్ల పళ్లెమునెత్తెను. టక్. ఆమె ద్వారమువైపు తిరిగెను. ఠప్.

"సరే, అడుగులే. ఒప్పుకున్నా," అని బార్నబీ గొణిగెను. "కానీ నా డిస్కులోనే కదా ఉన్నాయి!"

ఆక్రాయిడ్ వాని మాట వినలేదు. భార్యను నేడే చూచినవానివలె చూచుచుండెను.

"ముర్యెల్, హీరో మొహం ఏ రంగులో ఉండేది?"

"నాకేం తెలుసు? నేనెప్పుడూ జనం వైపే తిరిగి ఉండేదాన్ని. వాళ్ల మొహాలైతే చెప్పగలను."

"చెప్పు," అని అతడు టీవీ ఆపివేసెను.

దిక్కులారా, వినుడు! గోడలు గ్రక్కదల, కుక్క మొరుగ, టీ చల్లార సాగిన ఘోరసంగ్రామమున, ఒక ముసలిదాని బొటనవ్రేలి ప్రతాపమున, రెండే రెండడుగులు విజయము నొందినవి. మూడవది లేదు, కావలసిన పనియు లేదు.