కరగని చొక్కా

ఆ ఉదయం ఇంజనీరు అనుకున్న పని చాలా చిన్నది. బాల్కనీలోని పూలకుండీని ఆఫీసుకు మోసుకెళ్లాలి, కొనుగోలుదారుల ముందు మట్టి తవ్వాలి, లోపల ఏమీ లేదని చూపించాలి. ఏళ్ల తరబడి తిండీ నిద్రా మాని అతను తయారుచేసిన కృత్రిమ నూలు, ప్లాస్టిక్‌లా భూమిని పట్టి పీడించకుండా మట్టిలో కలిసిపోతుంది. ఆ నూలుతో కుట్టిన నీలం చొక్కాను వానలు మొదలైనప్పుడు తన చేత్తోనే కుండీలో పాతాడు. ఈరోజు రుజువు కాకపోతే అతని విభాగం మూసేస్తానని డైరెక్టరు ముందే చెప్పాడు.

"ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టావే?"

"మంచం మీదే ఉందండీ. ఎదురుగా ఉన్నది మీకెప్పుడు కనిపించింది గనక!" అంది భార్య వంటింట్లోంచి.

ఏదో నీలం చొక్కా. తొడుక్కుని, కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని బయలుదేరాడు.

ఆఫీసులో అందరూ బల్ల చుట్టూ మూగారు. "చూడండి, పోగు కూడా మిగలదు" అంటూ అతను మట్టిలో చెయ్యి పెట్టాడు. బట్ట తగిలింది. లాగితే కాలరు వచ్చింది, వెనకే గుండీలతో సహా చొక్కా మొత్తం వచ్చింది. దులిపితే నిగనిగలాడింది.

"ఇదేనా నీ కరిగిపోయే చొక్కా?" డైరెక్టరు పళ్లు నూరాడు.

ఇంజనీరు చూడగానే గుర్తుపట్టాడు. అది తన పెళ్లినాటి పాలిస్టరు చొక్కా! వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"కొత్త చొక్కా మట్టిపాలు చేస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా? కొన్నాళ్లకే తీసి ఉతికి దాచాను. మీరు తవ్వి చూస్తే గొడవ చేస్తారని ఆ పాతది పెట్టాను."

"మరి కొత్తదేదీ?"

"మీ ఒంటి మీదే ఉందిగా!"

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "రుజువు నా ఒంటి మీదే ఉందండీ!" అని రెండు చేతులూ పైకెత్తాడు. చంకలో పర్రుమంది. చొక్కా కుడిచెయ్యి ఊడి డైరెక్టరు టీ కప్పులో పడింది, వీపు నిలువునా చీలింది. "చూశారా! కొన్నాళ్ల మట్టికే ఇలా పొడైపోతోంది!" బనీనుతో నిలబడి ఆనందంగా అరిచాడు.

పెద్ద కొనుగోలుదారు అతనివైపు చూడనేలేదు. పాలిస్టరు చొక్కాను వేళ్ల మధ్య నలుపుతున్నాడు.

"వానాకాలమంతా మట్టిలో ఉన్నా రంగు కూడా వెలవలేదు! మాకిదే కావాలి. ఎంత సరుకివ్వగలరు?"

"ఎంతంటే అంత" అన్నాడు డైరెక్టరు.

సాయంత్రానికి విభాగం మూతపడింది. చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఎవరిదో కోటు కప్పుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి భార్య బావురుమంది.

"అంతా నావల్లేనండీ!"

"నీ తప్పేముందిలే. భూమిని వదిలిపోయే చొక్కా ఎవడికీ అక్కర్లేదు" అన్నాడతను, కోటు విప్పి మంచం మీద పెడుతూ.

పెళ్లినాటి చొక్కాను మాత్రం డైరెక్టరు అద్దాల బీరువాలో పెట్టించాడు, పాడైపోకుండా.