విప్పి మార్చుకునే కంప్యూటర్

ఇకమీదట జహీరాబాద్‌లో ఒక్క కంప్యూటర్ కూడా చెత్తకుప్ప మొహం చూడదని మంత్రిగారు బాలికల బడిలో ప్రకటించారు. ఆయన తెచ్చిన మాడ్యులర్ కంప్యూటర్‌లో ఏ భాగం చెడితే ఆ భాగమే విప్పి మార్చుకోవచ్చు. ఇంత ముందుచూపు ఎవరికుంటుందని కంప్యూటర్ టీచర్ నాగమణి మురిసిపోయింది. నెలాఖరుకు పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. బడి మొత్తానికి కంప్యూటర్ ఇదొక్కటే.

మంత్రిగారు దానికి కుంకుమ పెట్టి, కొత్త ట్రాక్టర్ ముందు కొట్టినంత భక్తిగా, అది పెట్టిన బల్ల మీదే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు కీబోర్డులోకి పోయాయి.

"ఫికర్ చేయకుండ్రి మేడం. కీబోర్డు ఒక్కటి మార్చుకుంటే అయిపాయె. అదే గదా దీని గొప్ప," అన్నారు మంత్రిగారు.

అందరూ చప్పట్లు కొట్టారు.

నాగమణి జిల్లా అధికారి దుర్గాప్రసాద్‌ను కీబోర్డు అడిగింది.

"సప్లై జాబితాల కీబోర్డు లేదు మేడం, కంప్యూటరే ఉంది. అదే పంపిస్త. దాంట్లకెల్లి కీబోర్డు తీస్కోండ్రి."

"కొత్తదే వాడుకుంటామండీ."

"అట్లెట్ల? మంత్రిగారు కొబ్బరికాయ కొట్టింది పాతదానికి. బాగు గావాల్సింది అది."

కొత్తదాని కీబోర్డు పాతదానికి పెట్టారు. కీబోర్డు లేనిది ఇక ఎందుకని అటెండర్ సంగయ్య కొత్తదానికి 'ఈ-వేస్ట్' చీటీ అంటించాడు. తర్వాత కుంకుమ పడి పాతదాని లోపలి ఫ్యాన్ ఆగింది. కొబ్బరినీళ్ల తీపికి చేరిన చీమలు తెరలో దూరాయి. చెడిన ప్రతి భాగానికీ ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. నెల తిరిగేసరికి గదిలో పద్నాలుగు చీటీలు, వరండాలో పిల్లలు. పాత కంప్యూటర్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"ఇంకోటి వస్తే మనం బొంబాయి రోడ్డు మీద కూసోవాలె మేడం, లారీల నడుమ," అన్నాడు సంగయ్య.

ఈ సంగతి విని మంత్రిగారు పొంగిపోయారు. "ఒక్క ముక్క బయట పారేయలే. గిట్ల ఏడన్న జరిగిందా?" అంటూ పరీక్ష రోజు పొద్దున్నే ఆ గదిని ఈ-వ్యర్థాల కేంద్రంగా ప్రారంభించడానికి వచ్చారు. పాడైనవాటి ముందు కొట్టడం అపశకునమని, కొబ్బరికాయ పట్టుకుని పనిచేసే కంప్యూటర్ వైపు తిరిగారు.

నాగమణి చప్పున గొడుగు విప్పి దాని మీద పట్టింది.

"చూసిన్రా, మేడం ఛత్రం పట్టింది," అని మెచ్చుకుని మంత్రిగారు బల్ల అంచున కొట్టారు. నీళ్లు గొడుగుకు తగిలి గోడమీది స్విచ్‌బోర్డులోకి చిమ్మాయి. టప్పుమని బడి మొత్తానికి కరెంటు పోయింది.

పరీక్షకొచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మంత్రిగారి వెంట వచ్చిన దుర్గాప్రసాద్ సప్లై జాబితా తిరగేశాడు.

"స్విచ్‌బోర్డు లేదు మేడం. బడి ఉంది. రాసియ్యుండ్రి, కొత్తది పంపిస్త."

సంగయ్య ఒక 'ఈ-వేస్ట్' చీటీ, జిగురు డబ్బా తీసుకుని బడి గేటు వైపు నడిచాడు.