ఇసుక దిబ్బకు క్షవరం

సముద్ర తీరాన్ని కాపాడే ఆఫీసరమ్మగారింట్లో ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆవిడ ఆఫీసుకి వెళ్ళి కాగితాలు సర్దుకుంటుంది. పదకొండింటికి పురపాలక మెంబర్లు వచ్చి సముద్రం ఒడ్డునున్న ఇసుక దిబ్బని చూస్తారు. చూశాక సమావేశంలో కూర్చుని, చేతులెత్తి, దిబ్బ రక్షణ నియమాన్ని ఖాయం చేస్తారు. అంతే. ఇందులో మామగారికి ఏ పనీ పెట్టలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

నియమం కూడా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. దిబ్బ మీద ఇసుక తవ్వకూడదు, బళ్ళు తోలకూడదు, పాకిన తీగని పీకకూడదు. దిబ్బ వెనక పల్లపు వీధి ఉంది. ఆవిడ ఇల్లూ ఆ వీధిలోనే. తుఫాను వచ్చినప్పుడల్లా అలలు దిబ్బదాకా వచ్చి, ఇక లాభం లేదని వెనక్కి మళ్ళబట్టే ఆ వీధివాళ్ళు మంచాల మీద పడుకుంటున్నారు. లేకపోతే ఎప్పుడో పడవల మీద పడుకోవలసి వచ్చేది. కానీ దిబ్బ పక్కనే కొత్తగా లేచిన హోటలు యజమానికి మాత్రం అది కంట్లో నలుసు. గదికి కిటికీ ఉంది, కిటికీకి సముద్రం లేదు, మధ్యలో ఈ గుట్టొకటి అని ఆయన బాధ. దాన్ని చదును చేసుకుంటానని అర్జీ పెట్టుకుని కూర్చున్నాడు. మెంబర్ల కళ్ళలో దుమ్ము కొట్టి నియమాన్ని ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించాడు. మూడోసారి కూడా తేలకపోతే నియమం చెత్తబుట్టలోకి వెళ్ళి, ఆయన అర్జీ మీద సంతకం పడుతుంది. అందుకే ఆవిడకి వారం నుంచీ కంటిమీద కునుకు లేదు.

ఇక మామగారు. ఆయన ఒక ప్రభుత్వ గోదాముకి సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఆయన ఔపోసన పట్టిన విద్య ఒక్కటే, తనిఖీకి తయారవడం. పైఅధికారి వస్తున్నాడంటే చాలు, గోదాములో సరుకుందో లేదో తర్వాత సంగతి, ముందు ఆవరణలో గడ్డిపోచ ఉండకూడదు, దారి పొడుగునా రాళ్ళకి సున్నం ఉండాలి. ఈ ఒక్క సూత్రంతో, ఒక్క మెమో కూడా తినకుండా ఆయన సర్వీసు ఈదేశారు. రిటైరయ్యాక తనిఖీలు లేక మనిషి డీలా పడిపోయారు. ఇంటికి చుట్టాలొస్తున్నారన్నా పెరట్లో మొక్కలు మొదలంటా కత్తిరించేసేవారు. వీధి పిల్లలకీ పెద్దలకీ ఆయన తనిఖీ తాతయ్య.

కోడలు చెప్పులు వేసుకుంటూ, ఊరికే మనసులో బరువు దించుకోవడానికి ఒక మాటంది. "ఇవాళ మెంబర్లొస్తున్నారు మామయ్యగారూ. దిబ్బని చూడగానే వాళ్ళ మనసు మారిపోవాలి. లేకపోతే మూడేళ్ళ కష్టం మట్టిలో కలిసినట్టే."

మామగారు చదువుతున్న పేపరు దించారు. "చూడ్డానికొస్తున్నారంటే, తనిఖీయేనా అమ్మాయ్?"

"అలాంటిదే లెండి" అనేసి ఆవిడ గబగబా వెళ్ళిపోయింది. ఆ మాట అనకుండా ఉంటే ఇంత చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆవిడ వీధి మలుపు తిరిగేసరికి మామగారు పాత కోటు తొడిగారు. అటకెక్కి సున్నం డబ్బా దింపారు. పొద్దున్నే నడకకి వచ్చే తోటి రిటైరైనవాళ్ళందరినీ దిబ్బ దగ్గర పోగేసి, ఇలా తనిఖీ ఉందని చెప్పారు. వాళ్ళూ సర్వీసు చేసినవాళ్ళే. తనిఖీ అన్న మాట చెవిన పడగానే వాళ్ళ నడుంనొప్పులు ఎటు పోయాయో తెలియదు. దిబ్బ నిండా అల్లుకుని ఉన్న పచ్చటి తీగని చూసి మామగారు నొచ్చుకున్నారు. పాపం కోడలు ఒంటరిగా ఎంతకని చూసుకుంటుంది, ఎంత కలుపు పెరిగిపోయిందో అనుకున్నారు. అనుకుని, పంచె ఎగ్గట్టి, మొదటి తీగ ఆయనే పీకారు.

పని సగంలో ఉండగా హోటలాయన వరండాలోకి వచ్చి ఆ దృశ్యం చూశాడు. తన కళ్ళని తనే నమ్మలేదు. గబగబా దగ్గరికొచ్చి, ఎవరు చెయ్యమన్నారని అడిగాడు.

"పైనుంచి ఆర్డరు" అన్నారు మామగారు, తల తిప్పకుండా.

సర్వీసులో ఎవరేం అడిగినా ఆయన అదే జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఇంట్లో ఆయనకి పైన ఉన్నది కోడలొక్కతే కనుక అందులో అబద్ధమూ లేదు. హోటలాయన మాత్రం, ఆఫీసరమ్మ చివరికి దారికొచ్చింది, గుట్ట తీసేయించడానికి పెద్దాయన్ని పంపింది అనుకుని చంకలు గుద్దుకున్నాడు. ఆ ఉత్సాహంలో తన తోటవాళ్ళందరినీ పారలూ చీపుర్లూ ఇచ్చి సాయం తోలాడు. పీకిన తీగంతా వంటగది వెనక కుప్ప పోయించాడు. వెంటనే చైర్మన్‌గారికి ఫోన్ చేసి, ఆఫీసరమ్మకీ తనకీ సర్దుబాటైపోయిందని చెప్పాడు. సమావేశం తన హాల్లోనే పెట్టుకోమన్నాడు. సముద్రం వైపు అద్దాల తలుపులన్నీ బార్లా తీయించాడు, మెంబర్లు ఆ అందం చూడాలి కదా.

ఆఫీసులో ఆవిడకి మొదట అత్తగారి ఫోన్ వచ్చింది. "మీ మామగారు కోటు వేసుకుని సున్నం డబ్బా పట్టుకెళ్ళారే. ఆయన కోటు వేసుకుంటే నాకు గుండె దడ."

ప్రహరీ గోడకి సున్నం వేస్తారు కాబోలు, వెయ్యనివ్వండి అత్తయ్యా అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. వెనకే చైర్మన్‌గారి ఫోన్. హోటలాయనతో రాజీ కుదిరిందట, చాలా సంతోషం, సమావేశం అక్కడే, టీ బిస్కెట్లు ఆయనవే అన్నారాయన. ఏం రాజీయో ఆవిడకి అర్థం కాలేదు. అయినా దిబ్బకి ఎదురుగా కూర్చుని ఓటేస్తే తనకే మంచిదని సరేనంది. అసలు ఆవిడ ఎత్తు కూడా అదే. తీగని కాస్త పైకి లేపి, దాని వేళ్ళు ఇసుకని ఎలా పిడికిట బిగించి పట్టుకుంటాయో మెంబర్ల చేతికి అందించి చూపించాలి. ఆ తర్వాత మాటలతో పనిలేదు.

మెంబర్లకంటే కాస్త ముందే ఆవిడ ఒడ్డుకి చేరింది. చేరి, అక్కడే నిలబడిపోయింది.

దిబ్బకి నున్నగా గుండు చేసేసి ఉంది. ఒక్క తీగ లేదు. ఒక్క ఆకు లేదు. పైభాగం చెక్కతో చదును చేసి, చుట్టూ రాళ్ళు పేర్చి, ప్రతి రాయికీ సున్నం పూశారు. ఎక్కడానికి మెట్లు కూడా కట్టారు. మెట్ల పక్కన కోటు గుండీలన్నీ పెట్టుకుని మామగారు అటెన్షన్‌లో నిలబడ్డారు. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది అమ్మాయ్?"

ఆవిడకి కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. కానీ ఆ చేతులకంటిన సున్నం, నుదుటి మీద చెమట చూశాక రెండూ బయటికి రాలేదు. నెమ్మదిగా, తప్పు పట్టినట్టు లేకుండా చెప్పింది. ఆ తీగే దిబ్బ అని, తీగ లేకపోతే అది వట్టి ఇసుక అని, గాలికి ఎగిరిపోయేదేనని, ఆ తర్వాత సముద్రానికీ మనింటికీ మధ్య ఏమీ ఉండదని. మామగారి మొహం గాలి తీసేసినట్టయిపోయింది. ఆయన రాళ్ళకేసి చూశారు, సున్నం చేతులకేసి చూసుకున్నారు, హోటలు వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. ఆయన వంగిన వీపు చూస్తే ఆవిడకి నియమం పోయినదానికంటే ఎక్కువ బాధేసింది.

మెంబర్లు వచ్చారు. చూశారు. అబ్బురపడ్డారు. ఇంత శుభ్రంగా ఉన్న దిబ్బని మేమెక్కడా చూడలేదన్నారు. మెట్లెక్కి ఫోటోలు దిగారు. ఇంకాస్త చదును చేస్తే బెంచీలు వేసుకోవచ్చని ఒకాయన, పూలకుండీలు పెట్టొచ్చని ఇంకొకావిడ. హోటలాయన అందరినీ భుజాల మీద చెయ్యేసి మరీ లోపలికి తీసుకెళ్ళాడు. తెల్లటి దుప్పట్లు పరిచిన బల్లలు, వెండిలా మెరిసే కెటిల్స్, తెరిచిన తలుపుల్లోంచి ఎదురుగా బోడి దిబ్బ. "ఇంక నియమం ఎందుకమ్మా, అంతా చక్కగా కుదిరిపోయాక" అన్నారు చైర్మన్‌గారు ఆప్యాయంగా.

ఇది వాయిదా కూడా కాదు, బతికుండగానే సమాధి అని ఆవిడకి తెలిసిపోయింది. అయినా చదవకుండా దిగిపోవడానికి మనసొప్పలేదు. లేచి నిలబడి, ఎవరూ వినకపోయినా మొదటి నిబంధన దగ్గర మొదలుపెట్టింది.

ఆ ఊళ్ళో మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేవడం రోజూ ఉన్నదే. తీగ ఉన్నన్నాళ్ళూ ఆ గాలి ఆకుల చేత తలలూపించుకుని తన దారిన తాను పోయేది. ఇవాళ దానికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

మొదట చైర్మన్‌గారి టీ కరకరలాడింది. ఆయన కప్పులోకి అనుమానంగా చూశారు. తర్వాత బిస్కెట్ల మీద పంచదార ఎక్కువైందేమిటని పూలకుండీలావిడ అడిగింది. అది పంచదార కాదని తెలిసేలోపు దిబ్బ పైభాగం మొత్తం లేచి, తలుపుల్లోంచి పిలవని చుట్టంలా హాల్లోకి వచ్చేసింది. దుప్పట్లు ఎగిరాయి, కాగితాలు ఎగిరాయి, ఒక మెంబరు విగ్గు ఎగిరింది. తలుపులు మూయండని హోటలాయన కేకేశాడు. అవి పక్కకి జరిపే తలుపులు. గాడి నిండా ఇసుక దూరింది. నలుగురు పనివాళ్ళు తోసినా అంగుళం కదల్లేదు. ఇన్నాళ్ళూ మెంబర్ల కళ్ళలో దుమ్ము కొట్టిన మనిషి, ఇప్పుడు తన కళ్ళు తెరవలేక బల్లలు తడుముకుంటూ తిరిగాడు.

"ఈ ఇసుకని ఎవరైనా ఆపండి" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఆపేది పొద్దుటిదాకా అక్కడే ఉందండీ" అంది ఆవిడ, కొంగుతో మొహం కప్పుకుని. "మీ మనుషులే కుప్ప పోశారు, వంటగది వెనక."

అప్పుడే ఎవరో బయటికి చూపించారు. ఆ ఇసుక గాలిలో, కోటు తల మీద కప్పుకుని, మామగారు దిబ్బ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పక్కన తడి గోనెసంచి, దాని నిండా వంటగది వెనకనుంచి తెచ్చిన తీగ. ఒక్కొక్క తీగనీ గుంట తీసి పాతుతూ, మీద నీళ్ళు చల్లుతూ, గాలికి లేచిన తీగని మళ్ళీ పాతుతూ. పొద్దుట ఆయనతో పాటు పీకినవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటున్నారు. వాళ్ళు తీగ పాతి తడిపిన ఆ కాస్త చోటా ఇసుక లేవడం లేదు. మిగతా దిబ్బంతా హాల్లోకి వస్తోంది. ఆవిడ వారం రోజులు కూర్చుని రాసుకున్న ఉపన్యాసం అక్కర్లేకుండానే అందరికీ అర్థమైపోయింది.

చైర్మన్‌గారు నోట్లో ఇసుక ఉమ్మి, మీసం దులుపుకుని, "నియమం చదవండమ్మా. త్వరగా" అన్నారు.

ఆవిడ చదివింది. ఒక్క అక్షరం వదల్లేదు. మెంబర్లు ఒక చేత్తో కళ్ళు మూసుకుని రెండో చెయ్యి ఎత్తారు. ఒకాయన రెండు చేతులూ ఎత్తాడు. అది ఓటో, ఇసుక కాచుకోవడమో తేలక ఒక ఓటు కిందే రాసుకున్నారు. వ్యతిరేకించేవాళ్ళున్నారా అంటే ఎవరూ లేరు. హోటలాయన మాత్రం, ఓటు లేకపోయినా, బల్ల కిందనుంచి ఒక మనవి చేసుకున్నాడు.

"దిబ్బని ఇంకో రెండడుగులు ఎత్తు పెంచడానికి వీలవుతుందా అండీ?"

అర్జీ వెనక్కి తీసుకుంటూ తన చేత్తోనే సంతకం పెట్టాడు. గాలి తగ్గాక తోటవాళ్ళందరినీ మళ్ళీ దిబ్బ మీదికి తోలాడు, ఈసారి నాటడానికి.

మామగారు లోపలికి వచ్చారు. కనుబొమ్మల దాకా ఇసుక. చైర్మన్‌గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, తీగ పీకించింది తనేనని, కోడలికి దీంతో ఏ సంబంధమూ లేదని చెప్పారు. "సర్వీసులో ఒక్క మెమో తినలేదండీ. ఈ నియమం కింద మొదటి మెమో నాకే ఇవ్వండి. న్యాయంగా అది నాదే."

కోడలు అక్కడికక్కడే రాసిచ్చింది, తీగ మళ్ళీ దిబ్బంతా అల్లుకునేవరకూ రోజూ కాపలా కాయాలని. రాస్తుంటే నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి, ఇసుక పడిందని చెప్పి తుడుచుకుంది. ఆయన మెమో అందుకుని కళ్ళకద్దుకున్నారు.

ఇద్దరూ పల్లపు వీధిలోకి నడిచేసరికి కబురు వాళ్ళకంటే ముందే చేరిపోయింది. గుమ్మాల్లో జనం నిలబడి ఉన్నారు. జుట్టునిండా ఇసుకతో, చీరనిండా ఇసుకతో ఆవిడ మహారాణిలా నడిచింది. మూడేళ్ళలో మొదటిసారి, గాలి వీస్తుంటే భయం వెయ్యలేదు. అత్తగారు గుమ్మంలోనే ఆపి, ఇద్దరినీ దులుపుకుని లోపలికి రమ్మంది. మర్నాటికి మెమో హాల్లో గోడకెక్కింది, మామగారి రిటైర్మెంటు ఫోటో పక్కన.

వారం తిరక్కుండా చైర్మన్‌గారి దగ్గర్నుంచి ఇంటికి ఫోన్ వచ్చింది. తీగ ఎంతవరకు పాకిందో చూడటానికి మెంబర్లతో కలిసి వస్తున్నామన్నారు.

కోడలు ఫోన్ పెట్టేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా, అటకెక్కి సున్నం డబ్బా తీసుకెళ్ళి పక్కింట్లో దాచి వచ్చింది.